ఎవరూ ముట్టుకోని జాడీ

చేతిపని నేర్పే ఉద్యోగాల్లో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తారు. మట్టి ఎలా మెదపాలి, ముద్దను చక్రం మీద ఎలా నిలపాలి అని వాళ్ళు అడగరు. అవి వాళ్ళకు వచ్చు. శిక్షణ సెంటరు మూతపడకుండా ఎలా నడపాలో చెప్పమంటారు. ఆ ప్రశ్న వింటే నాకు అలసట వస్తుంది. నాకు బాగా తెలిసినది మూతపడిన సెంటరు సంగతే. అది తిరువూరులో ఉండేది. 1973 జులైలో టీచరుగా చేరాను, 1975 ఫిబ్రవరిలో తాళంచెవి అప్పగించాను. మధ్యలో జరిగినదాన్ని వరసగా చెబుతాను. వరస తప్పితే ఇందులో ఎవరి తప్పు ఎంతో తేలదు.

సెంటరంటే పెద్దగా ఊహించుకోకండి. బస్టాండుకు దగ్గరలో ఒక పాత పత్తి గోడౌను, పైన రేకులు. ఎండాకాలం మధ్యాహ్నాలు మట్టి చేతిలోనే ఎండిపోయేది. వెనక ఖాళీ స్థలంలో ఆవం కట్టించాం, అంటే కట్టెలతో కుండలు కాల్చే బట్టీ. కాలితో తన్ని తిప్పే చక్రాలు జిల్లా స్టోరు నుంచి లారీలో వచ్చాయి. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు కొందరు, గంపలగూడెం వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్ళు కొందరు.

నాకు సాయంగా ఒక కుమ్మరి మేస్త్రిని వేశారు. యాభై దాటిన మనిషి. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు మట్టి తొక్కుతారు, కుండ అడుగును చెక్కతో కొట్టి గుండ్రంగా చేస్తారు, సారెను మాత్రం ముట్టుకోరు. సారె అంటే వాళ్ళు కుండలు చేసే చక్రం. దానికి పూజ చేస్తారు. ఆడవాళ్ళను చక్రం ముందు కూర్చోబెట్టాలని నేను చెప్పిన రోజు ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు నాకంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"సారె మా దేవుడండి. ఇది గవర్నమెంటు మిషనండి. దీనికి మైలేముంది, ఎవరన్నా తొక్కొచ్చు" అన్నాడు.

ఆ ఏర్పాటు ఆయన తనకు తానే చేసుకున్నాడు. మా మధ్య మళ్ళీ ఆ విషయం మీద మాట రాలేదు.

వచ్చినవాళ్ళలో ఒక అమ్మాయి చెయ్యి వేరు. ఊరి చివర మామిడితోట ఉన్న రైతు ఇంటి కోడలు. ఇరవై ఏళ్ళుంటాయి. గేదెల పని అయ్యాక ఊరికే కూర్చోకుండా ఉంటుందని అత్తగారు పంపించారు. శిక్షణలో ముద్ద నిలపడానికి నాకు నెల పట్టింది. ఆ అమ్మాయికి వారం పట్టింది. మాట తక్కువ, చక్రం మీద కూర్చుంటే పిలిచినా వినబడేది కాదు. శిక్షణ పూర్తయినవాళ్ళకు 1975 మార్చిలో పరీక్ష జరగాల్సి ఉంది. అది పాసైతే విస్సన్నపేట బడిలో చేతిపనుల టీచరుగా చేరవచ్చు. ఆ ఖాళీ సంగతి కనుక్కుని చెప్పింది నేనే. ఆ రోజు నుంచి ఆమె మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళడం మానేసి డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

జాడీల ఆలోచన మా ఆఫీసరుది. ఆయన చెడ్డవాడు కాదు. పూలకుండీలూ యాష్‌ట్రేలూ చేసుకుంటూ కూర్చుంటే ఈ ఊళ్ళో ఎవరు కొంటారమ్మా అనేవాడు, అది నిజమే. ఈ చుట్టుపక్కల మామిడిచెట్టు లేని ఇల్లు ఉండవచ్చు గాని ఆవకాయ పెట్టని ఇల్లు లేదు. పింగాణీ జాడీలు ఎక్కడి నుంచో రావాలి. బస్సు టాపు మీద వచ్చేసరికి కొన్ని పగిలేవి. మనమే చేద్దాం అన్నాడు. 1974 ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. చెరువు ఎర్రమట్టితో జాడీ, లోపలా బయటా గాజుపూత, తేనెరంగు. చూడటానికి ముచ్చటగా ఉండేవి, ఆ మాట ఇప్పుడు కూడా అంటాను.

జాడీని నేను ఇలా పరీక్షించేదాన్ని. నిండా నీళ్ళు పోసి, కింద పొడి కాగితం పరిచి, మర్నాడు కాగితం తడిసిందేమో చూసేదాన్ని. తడవలేదు. మేస్త్రి పద్ధతి వేరు. వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని, గంటలా మోగుతోందండీ, దీనికేం ఢోకా లేదండీ అనేవాడు. వాళ్ళ తాతల నుంచీ చేసినవి నీళ్ళకుండలు. నేను శిక్షణలో చేసినవి కప్పులూ ప్లేట్లూ. ఈ జాడీలో పోసేది నీళ్ళు కాదు, ఏడాది పొడుగునా నిలవుండే ఉప్పూ నూనే అని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నేను ఆవకాయ పెట్టే ఇంట్లో పుట్టినదాన్నే.

కాయ కోతకు వచ్చేలోపు జాడీలన్నీ ఇళ్ళకు చేరాయి. ఆ కోడలు తన చేత్తో చేసిన జాడీని ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో ఇంటికి తీసుకెళ్ళింది.

ఇప్పటి పిల్లలకు కొంచెం వివరంగా చెప్పాలి. ఏడాదికి సరిపడా ఆవకాయ కలిపి, మూడోనాడు తిరగకలిపి, వాడకానికి కొంత చిన్న జాడీలోకి తీస్తారు. పెద్ద జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి కొట్టుగదిలో చీకటి మూలన పెడతారు. చిన్నది ఖాళీ అయ్యేదాకా పెద్దదాని జోలికి పోరు. పోయినా ఇంటి పెద్దావిడ ఒక్కతే, స్నానం చేసి, తడిలేని చేత్తో. బయట చేరిన రోజుల్లో ఆడవాళ్ళు దాన్ని ముట్టుకుంటే పచ్చడి పాడవుతుందని గట్టి నమ్మకం. అందుకని, పచ్చడి పాడైందంటే ఎవరో ముట్టుకున్నారనే లెక్క.

ఎండలు పోయి వానలు వచ్చాయి. జాడీల గురించి సెంటరుకు ఒక్క ఫిర్యాదు రాలేదు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. ఆఫీసరు పైవాళ్ళకు గొప్పగా రాశాడు. వచ్చే వేసవికి ఇంకా ఎక్కువ చేయమని జవాబు వచ్చింది.

దసరా తర్వాత ఆ కోడలు రాలేదు. తోటివాళ్ళను అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అత్తగారు నన్ను వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. సన్నటి మనిషి, బొడ్లో తాళాలగుత్తి, అడిగినదానికి అడిగినంతే జవాబు. ఇంట్లో పనుంది, నేర్చుకున్నది చాలు అన్నారు. మార్చిలో పరీక్ష ఉందన్నాను. ఉంటే ఉండనీ అన్నారు.

గేటు దాకా వచ్చిన కోడలు, గేదె పలుపు సవరిస్తున్నట్టు వంగి, సంగతి చెప్పింది. పెద్ద జాడీ వాసెన విప్పేసరికి నూనె అడుక్కు దిగిపోయి ముక్కల మీద బూజు పట్టి ఉందట. అంతకుముందు ఒకసారి, తాను చేసిన జాడీ ఎలా ఉందోనని ఈమె కొట్టుగదిలోకి తొంగిచూసింది. చూడకూడని రోజుల్లో చూసింది. అత్తగారి కంట పడింది. మట్టిపనికి పోయి మడీ మైలా మరిచిపోయింది, ఇక అక్కడికి పోనక్కర్లేదు అన్నారు.

"ముట్టుకోలేదండీ, చూశానంతే" అంది. పలుపు వదిలేసి, "చూసినా పాడవుతుందాండీ?" అని అడిగింది.

పాడవదు అన్నాను. కానీ ఆ ఇంట్లో నా మాట చెల్లదని ఇద్దరికీ తెలుసు.

కొద్ది రోజులకు, బస్టాండు పక్కన సైకిలు షాపు నడిపే ముస్లిం కుటుంబంలోని ఆవిడ గోనెసంచిలో ఏదో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆవిడ కూతురు మా దగ్గరే నేర్చుకునేది.

"ఇదిగో టీచరమ్మా, మీ జాడీకి గడ్డం మొలిచింది" అంది.

సంచి విప్పి చూశాను. జాడీ చుట్టూ తెల్లగా, దూదిలా, నిజంగానే గడ్డంలా ఏదో మొలిచి ఉంది. పూత అక్కడక్కడా పెచ్చులు లేచింది. వేలికి రాసుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. పైన జిడ్డు కూడా తగిలింది. నేను తెలివితక్కువ ప్రశ్న ఒకటి వేశాను, ఇంట్లో ఎవరైనా ముట్టుకున్నారా అని.

"అందరం ముట్టుకుంటాం. నలుగురు పిల్లలున్న ఇల్లమ్మా అది. ముట్టుకుంటే జాడీకి గడ్డమొస్తుందా, మనిషికి రావాలి గాని?" అంది.

ఆ ఇంట్లో తప్పు మోపడానికి మనిషి లేదు కాబట్టి తప్పు సరిగ్గా జాడీ మీద పడింది. మిగతా ఇళ్ళన్నిటా మనిషి దొరికింది. అందుకే మాకు ఫిర్యాదు రాలేదు. కొట్టుగదిలో పాడైన ఆవకాయ ఇంటి పరువుకు సంబంధించిన విషయం. అది ఎవరో ఒక కోడలి మీదో, ఆడపిల్ల మీదో పడి, ఆ గోడల మధ్యే ఆగిపోయింది.

ఎర్రమట్టి మా ఆవం వేడికి రాయిలా గట్టిపడదు. లోపల సన్నటి సందులు ఉంటాయి. పైన పూసిన గాజు చల్లారేటప్పుడు కంటికి కనబడనంత సన్నగా చిట్లుతుంది. నీళ్ళయితే ఒక పూటకు ఏమీ కనబడదు. ఉప్పూ నూనే నెలల తరబడి ఆ సందుల్లోంచి పాకి బయటికి వస్తాయి. విషయం అంతే. మేస్త్రికి జాడీ చూపించాను. ఆయన అలవాటుగా కణుపుతో తట్టి చెవి పెట్టాడు. ఇంకా మోగుతోందండీ అన్నాడు, ఏం చెయ్యాలో తెలియనట్టు.

జాడీలు తీసుకున్న ఇళ్ళు తిరిగాను. ఆవకాయ ఎలా ఉందండీ అంటే బాగుందమ్మా అన్నవాళ్ళే అందరూ. ఒక ఇంట్లో పెద్దావిడ బాగుందంటుంటే, లోపల బియ్యం చెరుగుతున్న పిల్ల చేట ఆపి, మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. ఎన్ని ఇళ్ళలో ఎవరు మాట పడ్డారో ఆ లెక్క నాకు ఎప్పటికీ తేలలేదు.

ఆఫీసరు దగ్గరికి వెళ్ళి జాడీ సంగతీ ఆ కోడలి సంగతీ చెప్పాను. ఆయన ఓపికగా విని, తలుపు దగ్గరికి వేశాడు.

"ఆ ఒక్క ఇల్లు తప్ప ఎవరన్నా వచ్చి అడిగారా? జనవరిలో పైనుంచి చూడ్డానికి వస్తున్నారు. మన జాడీ పనికిరాదని మీరే చాటితే సెంటరుంటుందా? సెంటరు లేకపోతే మీ అమ్మాయి పరీక్ష ఎక్కడ రాస్తుందమ్మా?"

ఆయన బెదిరించడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. నేను చెప్పకపోతే ఆ అమ్మాయి ఇంట్లోంచి కదలదు. చెబితే కదలవచ్చు గాని వెళ్ళడానికి చోటుండదు. ఎటునుంచి కూడినా మొత్తం ఒకటే వచ్చింది. పైగా తమది కాని తప్పుకు మాట పడుతున్న ఆడవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. ఆ వారమంతా పాఠం సరిగా చెప్పలేకపోయాను.

చివరికి రెండు జాడీలు తీసుకుని ఆ అత్తగారి ఇంటికి వెళ్ళాను. ఒకటి మాది, వచ్చే వేసవి కోసం కొత్తగా చేసినది. రెండోది కొన్న పింగాణీ జాడీ. రెంటిలోనూ ఉప్పునీళ్ళు, పైన నూనె పోసి కొట్టుగదిలో పెట్టమన్నాను. మీరే పొయ్యండి, తాళం మీరే వేసుకోండి, మీ కోడలు ఆ ఛాయలకు రాకూడదు, నేనూ రాను అన్నాను.

"ఎందుకిదంతా?" అన్నారు.

"ఆవకాయ ఎవరు పాడు చేశారో తెలుసుకోడానికండీ."

"తెలిశాక?"

"ఎవర్ని మాన్పించాలో అప్పుడు మీరే చెప్పండి" అన్నాను.

ఆవిడ జాడీలను తిప్పి తిప్పి చూశారు. ఉప్పు ఎంత వెయ్యాలని అడిగారు. చెప్పాను. కాదు, నేను ఆవకాయకు వేసే పాళ్ళే వేస్తాను, లేకపోతే అది పరీక్షెలా అవుతుంది అన్నారు. అప్పటిదాకా ఆవిడంటే నాకు కోపం ఉండేది. ఆ మాటతో చాలావరకు పోయింది.

జనవరి మొదట్లో కబురు వచ్చింది. ఆవిడే తాళం తీసి, దీపం పట్టుకుని ముందు నడిచారు. పింగాణీ జాడీ పెట్టినది పెట్టినట్టుంది. మా జాడీ మెడ దాకా తెల్లగా పూసింది. కింద నేల మీద కూడా ఉప్పు గుండ్రంగా చార కట్టింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో తీసి నోట్లో వేసుకున్నారు.

"ఈ గదిలోకి నేను తప్ప ఎవరూ రాలేదు" అన్నారు. ఆ మాట నాతో అన్నది కాదు.

లేచి, మిగతా ఇళ్ళలోనూ ఇంతేనా అని అడిగారు. ఇంతేనండీ, కానీ చెప్పరు అన్నాను.

"ఎలా చెబుతారు? నేను చెప్పానా?" అన్నారు.

పైఅధికారులు వచ్చిన రోజు ఊళ్ళో ఆడవాళ్ళందరినీ సెంటరుకు పిలిచారు. ఆఫీసరు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి కొత్త జాడీలు వరసగా పెట్టించాడు. నేను చెప్పవలసినది ముందురోజే ఆయనకు చెప్పేశాను. ఆయన వద్దనలేదు, నా వైపు చూడనూ లేదు. అధికారులు కూర్చున్నారు. నేను లేచేలోపు ఆ అత్తగారు రిక్షా దిగి, ఉప్పు పూసిన జాడీని తుడవకుండా అలాగే తెచ్చి, తెల్లగుడ్డ మీద, మెరిసే జాడీల మధ్యలో పెట్టారు. అధికారుల వైపు కాక ఆడవాళ్ళ వైపు తిరిగి మాట్లాడారు.

"ఇది మా కొట్లో తాళమేసి పెట్టాను. నేను తప్ప పురుగు కూడా ముట్టుకోలేదు. అయినా ఇలా అయింది. మీ ఇళ్ళల్లో ఏమైందో మీరు నాకు చెప్పక్కర్లేదు. పిల్లల్ని మాత్రం అనకండి. నేను అన్నాను."

సైకిలు షాపు ఆవిడ పక్కావిడతో, నేను ఎప్పుడో చెప్పానుగా, గడ్డాన్ని కూడా చూపించానుగా అంటోంది. తర్వాత వెనక నుంచి ఒకావిడ లేచి బయటికి వెళ్ళింది. కోపం వచ్చి వెళ్ళిందనుకున్నాను. కొంగు చాటున జాడీ పెట్టుకుని తిరిగి వచ్చింది. ఆవిడను చూసి ఇంకొకరు వెళ్ళారు. సాయంత్రానికి బల్ల చాలలేదు. జాడీ పెట్టడం, పక్కకు తప్పుకోవడం, అంతే. నేను అధికారులకు మట్టీ వేడీ ఉప్పూ గురించి చెప్పి, ఈ ఆవంలో ఈ మట్టితో ఊరగాయ జాడీ చేయకూడదని చెప్పాను. వాళ్ళు మర్యాదగా రాసుకున్నారు.

సెంటరు ఎత్తేస్తున్నట్టు ఫిబ్రవరిలో ఆర్డరు వచ్చింది. నీళ్ళకుండలూ పూలకుండీలూ చేసుకుంటామని రాశాను, జవాబు లేదు. పరీక్ష వేరే ఊళ్ళో రాయనివ్వమని రాశాను. నడుస్తున్న సెంటరులో చదివినవాళ్ళకే పరీక్ష అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆ కోడలి ఇంటికి వెళ్ళాలని రోజూ అనుకునేదాన్ని. రోజూ రేపు అనుకునేదాన్ని.

చక్రాలు తీసుకెళ్ళడానికి లారీ వచ్చిన రోజు అత్తాకోడళ్ళు రిక్షాలో వచ్చారు. అత్తగారు పట్టుచీర కట్టుకుని ఉన్నారు. మంచిరోజు కోసం ఆగానండీ, ఇవాళ్టి నుంచి పిల్లను పంపుతున్నాను అన్నారు. ఆ తర్వాత లారీని చూశారు, మేస్త్రి చక్రాలకు తాళ్ళు కట్టడం చూశారు.

"జాడీలు మానేస్తారనుకున్నాను. బడే మూసేస్తారా?"

"మూసేశారండీ" అన్నాను.

"మరి పరీక్షో?"

లేదన్నాను. కోడలు చెప్పులు విప్పి, తాడు కట్టిన చక్రం దగ్గరికి వెళ్ళి నిలబడింది. లారీవాళ్ళు తొందరపడుతున్నారు. ఆగండయ్యా, పిల్ల కూర్చోవాలి అని అత్తగారు అన్నారు. గట్టిగా కూడా అనలేదు, కానీ వాళ్ళు ఆగి బీడీలు వెలిగించుకున్నారు. మేస్త్రి తాడు విప్పి, మూలన గోనె కింద మిగిలిన మట్టిలోంచి ఒక ముద్ద తెచ్చి పెట్టాడు. నాలుగు నెలలు చెయ్యి ఆడలేదు, మొదటిది కూలిపోయింది. రెండోది నిలబడింది. ఆవిడ తన కోడలు పనిచేస్తుంటే చూడటం అదే మొదలు. కూర్చోమన్నా కూర్చోకుండా, జాడీకి భుజాలు తీసిన దగ్గర నుంచి దాని మూతి తిప్పేదాకా నిలబడే చూశారు.

"దీన్ని కాల్చరా?" అని అడిగారు.

ఆవం మొన్ననే పడగొట్టేశామండీ అన్నాను. అయితే ఇలాగే ఇవ్వండి అన్నారు. అడుగున తీగతో కోసి చక్రం నుంచి విడదీసి, పచ్చి జాడీని ఒక చెక్కపలక మీదికి ఎక్కించి కోడలి ఒళ్ళో పెట్టాం. ఇది పచ్చిదండీ, నీళ్ళు తగిలితే మట్టయిపోతుంది, జాగ్రత్త అన్నాను.

"తెలుసులే టీచరమ్మా. నీళ్ళూ పొయ్యను, ఉప్పూ వెయ్యను" అన్నారు. రిక్షా కదిలింది.

జిల్లా స్టోరులో సామాను ఒప్పజెప్పేటప్పుడు గుమస్తా అన్నీ లెక్కపెట్టి, చెక్కపలక ఒకటి తక్కువైందన్నాడు. తక్కువ కాలేదు, ఉందన్నాను. ఎక్కడుందన్నాడు. తిరువూరులో ఒక రైతు ఇంటి వసారాలో ఉంది, దాని మీద జాడీ ఆరుతోంది అని చెప్పాను.